యమటో అంటే అంత మోజు ఎందుకు?

యుద్ధనౌకల మోడళ్లు కట్టేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మావాడు మూడు నెలలుగా జపాన్ యమటోని అతికిస్తూ కూర్చున్నాడు, మాకు డైనింగ్ టేబుల్ లేకుండా పోయింది. నేనూ కొంచెం చదివాను. గొట్టం లోపలి వ్యాసమే 46 సెంటీమీటర్లున్న ఫిరంగులు తొమ్మిది. దీనికీ, దీని జోడు ముసాషికీ తప్ప ఇంకే నౌకకూ అంత పెద్దవి లేవు. తీరా వాటిని శత్రు నౌకల మీద పేల్చింది ఒక్కసారే, 1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్‌లోని సమర్ దీవి దగ్గర. 1945 ఏప్రిల్ 7న జపాన్ దీవి ఒకినావాకు వెళ్తుంటే అమెరికా విమానాలు ముంచేశాయి.

పసిఫిక్ యుద్ధంలో ఎన్నో పోరాటాలు చేసిన అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌నేమో తుక్కు కింద అమ్మేశారు. యమటోకి మాత్రం జపాన్‌లోని కురే నగరం మ్యూజియంలో పదో వంతు సైజు నమూనా! మిమ్మల్ని లాగేది ఆ రూపమా, ఆ విషాదమా? వాణ్ణి అడిగితే "చూడు నాన్నా, ఎంత బాగుందో" అంటాడు, అంతే.