గోల్‌కీపర్‌గా ఆడినవాడు ఏజెంటైతే ఆటగాడికి మేలేనా?

కార్నర్‌ఫ్లాగ్:
ఫ్రాన్స్‌లో గోల్‌కీపర్‌గా ఆడి, గ్లవ్స్ వదిలాక ఆటగాళ్ల ఏజెంట్లయినవాళ్లున్నారు. నిన్న మా గ్రూపులో దీనిమీద పెద్ద వాదనే జరిగింది. "ఏజెంటు పని బేరం, చట్టం. అది వకీలు చూసుకోవాలి, బంతి పట్టినవాడు కాదు" అని ఒకాయన వాదన. ఫ్రాన్స్‌లో 2011 నుంచి వకీళ్లు కూడా ఆటగాళ్ల తరఫున మాట్లాడొచ్చు కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేం. మీరేమంటారు?

రెండోకీపర్:
నేను కాలేజీ టీమ్‌లో మూడేళ్లూ రెండో కీపర్‌నే. మ్యాచ్‌కి ముందు మొదటి కీపర్‌కి షాట్లు కొట్టి వార్మప్ చేయించేవాణ్ని. ఆ తర్వాత మట్టి అంటని గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని తొంభై నిమిషాలు కూర్చునేవాణ్ని. ఫార్వర్డ్‌కి చివర్లో పది నిమిషాలైనా దొరుకుతాయి. కీపర్‌కి ఉన్నది ఒక్కటే చోటు. అందుకే కీపర్‌గా ఆడినవాడు కాంట్రాక్టు చేతికి రాగానే ముందు అడిగేది జీతం గురించి కాదు, "అక్కడ మొదటి కీపర్ ఎవరు?" అని.

ఫ్రాన్స్ కీపర్ మైక్ మెన్యాన్‌నే చూడండి. పారిస్ సెయింట్ జర్మైన్ అకాడమీలో పెరిగాడు కానీ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2015లో, ఇరవై ఏళ్లకే, లీల్ అనే ఇంకో ఫ్రెంచ్ క్లబ్‌కి వెళ్లిపోయాడు. అక్కడా మొదట్లో మొదటి కీపర్ ఎన్యేమా వెనకే ఉన్నాడు. 2017లో చోటు దొరికింది, 2021లో లీల్ ఫ్రాన్స్ చాంపియన్ అయింది. పెద్ద క్లబ్ పేరు వదులుకుని అలా వెళ్లడానికి ఎంత గుండె కావాలో బెంచీ మీద కూర్చున్నవాడికే తెలుస్తుంది.

అదే 2021లో ఇటలీ కీపర్ డొన్నరుమ్మ కాంట్రాక్టు ముగించుకుని మిలాన్ నుంచి పారిస్‌కి వచ్చాడు. యూరో కప్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన కీపర్! తీరా చూస్తే పారిస్‌లో అప్పటికే మొదటి కీపర్‌గా కేలర్ నవాస్ ఉన్నాడు. ఆ సీజనంతా ఇద్దరూ వంతులు వేసుకుని ఆడారు. మిలాన్‌లో అతని చోటు మెన్యాన్‌కి దక్కింది, ఆ సీజన్‌లోనే మిలాన్ ఇటలీ లీగ్ గెలిచింది. అప్పట్లో డొన్నరుమ్మ ఏజెంటు మీనో రైయోలా. బేరంలో ఆయన్ని మించినవాడు లేడు, కానీ ప్రొఫెషనల్‌గా ఎప్పుడూ ఆడలేదు.

లెక్కలమాస్టారు:
తమ్ముడూ, కథ సగంలో ఆపేశావు. అదే డొన్నరుమ్మ 2025లో పారిస్‌తో చాంపియన్స్ లీగ్ గెలిచాడు. ఒక్క సీజన్ బెంచీని పట్టుకుని ఏజెంటు తప్పు చేశాడంటే ఎలా?

నా భయం ఇంకోటి. ఆటగాడిగా ఉన్నప్పుడు ఏర్పడిన స్నేహాలే ఏజెంటుకి పెట్టుబడి. నిన్న ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు ఇవాళ క్లబ్ డైరెక్టర్లు. వాళ్ల దగ్గర తను చూసుకునే కుర్రాడి కోసం గట్టిగా నిలబడతాడా? ఇక ఒకే బేరంలో అన్ని వైపుల నుంచీ డబ్బు తీసుకునే చిక్కు ఆడనివాళ్లతోనూ ఉంది. రైయోలా సంగతే తీసుకో. ఫుట్‌బాల్ లీక్స్ పేరుతో బయటపడ్డ రహస్య పత్రాల ప్రకారం 2016లో పోగ్బా 10.5 కోట్ల యూరోలకు మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లినప్పుడు, అమ్మిన క్లబ్, కొన్న క్లబ్, ఆటగాడు, ముగ్గురి వైపు నుంచీ కలిపి ఆయన వాటా 4.9 కోట్ల దాకా తేలింది. అందుకే ఫ్రాన్స్ చట్టం నాకు నచ్చుతుంది. అక్కడ ఒక కాంట్రాక్టులో ఏజెంటు ఒక్క పక్షానికే పని చేయాలి. కమిషన్ పది శాతం దాటకూడదు. మైనర్ల కాంట్రాక్టు మీద ఒక్క యూరో కూడా తీసుకోకూడదు. ఆడినా ఆడకపోయినా లైసెన్స్ పరీక్ష రాయాల్సిందే.

రెండోకీపర్:
మాస్టారూ, చాంపియన్స్ లీగ్ మాట ఒప్పుకుంటున్నా, అది నేను మర్చిపోకూడదు. చట్టం విషయంలో కూడా మీతోనే ఉన్నా. కానీ కమిషన్ ఎంత ఉండాలో చట్టం చెబుతుంది గానీ, పదిహేడేళ్ల కీపర్ ఏ క్లబ్‌కి వెళ్తే మ్యాచ్‌లు దొరుకుతాయో చెప్పదు. ఆ వయసులో రెండేళ్లు ఆడకపోతే పక్కనుంచి గోల్ ముందుకు వచ్చే క్రాస్ బంతికి ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు గోల్ గీత మీదే ఆగాలో ఆ అంచనాయే పోతుంది. ప్రాక్టీసులో ఎన్ని బంతులు పట్టినా అది రాదు, నా మూడేళ్లలో నాకు రాలేదు. ఇది నేను వకీలుకి ఎంతసేపు చెప్పినా విని ఊరుకుంటాడు. కీపర్‌కైతే చెప్పనక్కర్లేదు.

కార్నర్‌ఫ్లాగ్:
అయితే కాగితాలు వకీలు రాయాలి, క్లబ్‌ని కీపర్ ఎంచాలి అంటారా? ఆ ఇద్దరినీ ఒకే ఆఫీసులో కూర్చోబెట్టగలిగిన ఏజెంటు దగ్గరికైతే మా తమ్ముణ్ని పంపుతాను. వాడూ కీపరే.