ప్రతి పిల్లవాడికీ చదువు వస్తుందని నమ్మడం తప్పా? ప్రాథమిక బడి టీచర్లు, తల్లిదండ్రులు చెప్పండి

తండా బడి టీచర్:
నర్సంపేట వైపు ఒక తండా బడిలో ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్‌ని. ఒకటి నుంచి ఐదు వరకు 27 మంది పిల్లలు. మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో నేనన్న ఒక మాట మీద గొడవైంది. "మొద్దు అనే మాట నా బడిలో వినపడదు, అందరికీ చదువు వస్తుందనే నేను పలక పట్టిస్తాను" అన్నాను. పక్క ఊరి సార్ లేచి, "ఏ క్లాసులోనైనా నలుగురైదుగురికి ఏం చేసినా రాదు మేడం. గురుకులం పరీక్షలో సీటు వచ్చే పిల్లల మీద పెట్టండి ఆ టైము" అన్నారు. సగం మంది తల ఊపారు. ఇంటికొచ్చినా ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

పోయినేడు ఒకటో తరగతిలో ఒక పాప. అమ్మ బొమ్మ ఉన్న కార్డు చూపించి "ఇదేంటి?" అంటే "యాడి" అనేది. "అ అంటే అమ్మ" అని నేను, "యాడి" అని తను. వారం గడిచాక నోరు విప్పడమే మానేసింది. ఆ పిల్ల చెప్పింది తప్పు కాదు, లంబాడీలో అమ్మను యాడి అనే అంటారు. ఒకరోజు బోర్డు మీద పెద్దగా "యాడి" అని రాసి చదివాను. లేచొచ్చింది, చూపుడు వేలితో ఆ అక్షరాల మీద మెల్లగా దిద్దింది. వేలికి అంటిన సుద్దను గౌనుకు తుడుచుకుని మళ్లీ దిద్దింది. సంక్రాంతి సెలవులకు ముందే గుణింతాల్లోకి వచ్చింది. నేను కూడా "దీనికి రాదు" అనుకుని ఉంటే ఆ పిల్ల ఏమయ్యేది?

మంథని చిన్నోడు:
మీలాంటి టీచర్ ఊరికొకరుంటే చాలు మేడం. దండాలు.

వరంగల్ నాన్న:
మేడం, ఒక్కటే అడుగుతా. "ప్రతి" అంటే 27 మందికి 27 మందా? ఎందుకంటే ఆ మాట నేను ఐదేళ్లు విన్నా. మా వాడి బడిలో ఎప్పుడు అడిగినా "నేర్చుకుంటాడు, మాకు నమ్మకం ఉంది" అన్నారు. ఆరో తరగతికి పెద్ద బడిలో వేస్తే, నెల తిరగకముందే అక్కడి తెలుగు సార్ పిలిచి పరీక్ష పేపర్ చేతిలో పెట్టాడు. పైన వాడి పేరుంది. కింద జవాబుల్లేవు, ప్రశ్నలే దించి ఉన్నాయి, ముత్యాల్లాంటి అక్షరాలతో. చూసి రాయడం వచ్చు, చదవడం రాదు. ఐదేళ్లు నమ్మినోళ్లకు ఇది కనపడలేదా?

కేయూ స్కాలర్:
నమ్మకానికి ఫలితం ఉంటుందని 1968లోనే అమెరికా పరిశోధకులు రోసెంతాల్, జేకబ్సన్ రాశారు. కాలిఫోర్నియాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలకు పరీక్ష పెట్టి, వాళ్లలో కొందరి పేర్లు టీచర్లకిచ్చి "ఈ ఏడాది వీళ్లు బాగా ఎదుగుతారు" అన్నారు. నిజానికి ఆ పేర్లు చీటీలు తీసినట్టు ఏరినవే. ఏడాది చివర్లో మళ్లీ పరీక్ష పెడితే చిన్న తరగతుల్లో ఆ పిల్లలే ఎక్కువ ముందుకెళ్లారు. టీచర్ మనసులో ఉన్నది పిల్లల మార్కుల్లోకి దిగుతుంది. ఇందులో వాదనకేముంది?

హన్మకొండ పెద్దసారు:
వాదనకు చాలా ఉంది నాయనా. నువ్వే "చిన్న తరగతుల్లో" అని రాశావు. ఒకటి, రెండు తరగతుల్లో కనపడ్డ తేడా పైతరగతుల్లో అంతగా కనపడలేదు. ఆ లెక్కల మీద అప్పుడే విమర్శలు వచ్చాయి. తర్వాత చాలా పరిశోధనలను కలిపి చూసినవాళ్లు టీచర్ అంచనా ప్రభావం ఉంది గానీ చిన్నదే అని తేల్చారు.

నేను 34 ఏళ్లు చెప్పాను, అందులో 11 ఏళ్లు హెచ్ఎంగా. అమ్మా టీచరమ్మా, మీ బడిలో టీచర్లు ఎందరు? 60 మంది పిల్లల వరకు ఇద్దరుండాలని విద్యాహక్కు చట్టంలో ఉంది. ఉన్నారా? 2022లో చిన్న తరగతులకు చదవడం, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు వచ్చినప్పుడు ఏం చెప్పారు? ముందు ఎవరికి ఏది వచ్చో చూడండి, అక్షరాలు రానివాళ్లు, పదాలు చదివేవాళ్లు, వాక్యం చదివేవాళ్లు, ఇలా స్థాయిని బట్టి కూర్చోబెట్టి చెప్పండి అని. మీరు అది చేస్తున్నారా లేదా?

తండా బడి టీచర్:
పేరుకు ఇద్దరం సార్. రెండో ఆమె డిప్యుటేషన్ మీద వేరే బడికి వెళ్లి ఏడు నెలలైంది. ఐదు తరగతులూ నావే. గ్రూపులు చేయను. చేసిన ఏడాది మూడో రోజుకే పిల్లలు "మనది రానోళ్ల చాప" అనడం మొదలుపెట్టారు. ఏ చాప మీద కూర్చున్నామనేదే వాళ్లకు గుర్తుండిపోయింది. అందుకే కలిపి కూర్చోబెడతాను.

హన్మకొండ పెద్దసారు:
చాపకు పేరు పెట్టింది పిల్లలు, అలా పెట్టనిచ్చింది మీరు. నెలనెలా మార్చితే ఆ పేరు నిలవదు. అక్షరాలు రాని పిల్లవాడి ముందు మూడో తరగతి వాచకం పెట్టడమే అసలు అవమానం.

తండా బడి టీచర్:
మూడో తరగతి వాచకం పెడతానని నేనెక్కడన్నాను సార్?

హన్మకొండ పెద్దసారు:
కలిపి కూర్చోబెడితే మరేం పెడతారు? ఒకే పీరియడ్‌లో 27 మందికి 27 పాఠాలు చెప్తారా?

జగిత్యాల అక్క:
సార్, చాప సంగతి నాకు తెలుసు. మా అమ్మ బీడీలు చేసేది. బడికి పోయేముందు నేను ఆకు కత్తిరించేదాన్ని, చేతులు ఆకు వాసన వచ్చేవి. నాలుగో తరగతిలో మా సార్ నన్ను వెనక గోడకు కూర్చోబెట్టి "నీకు చదువెందుకే, ఎట్లాగూ ఆకే కత్తిరిస్తవ్" అన్నాడు. ఇప్పుడు నాకు 41 ఏళ్లు. ఓపెన్ స్కూల్‌లో టెన్త్ కట్టి పాసయ్యేసరికి 30 దాటినయి. ఏ గ్రూపో నాకు తెలియదు. ఆ మాట అనకుండా ఉంటే చాలుండె.

కాజీపేట జంక్షన్:
ఫెయిల్ చేయడం మళ్లీ పెడితే అన్నీ అవే సర్దుకుంటాయి.

కేయూ స్కాలర్:
2009 విద్యాహక్కు చట్టంలో ఎనిమిది దాకా అదే తరగతిలో ఆపకూడదని ఉండేది. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపాలా వద్దా అన్నది రాష్ట్రాలకు వదిలేశారు. ఈ చర్చ దాని గురించి కాదు, దయచేసి అటు లాగకండి.

వరంగల్ నాన్న:
చాపల గురించి మాట్లాడుతున్నారు, అమెరికా గురించి మాట్లాడుతున్నారు. నేనడిగినదానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు. నా కొడుక్కి చదవడం రావడం లేదని ఐదేళ్లలో ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదు? జీతం తీసుకుంటూ, పని చేయకుండా, "నమ్మకం" అనే మాట కప్పుకుని కూర్చోవడం ఇది.

తండా బడి టీచర్:
అన్నా, ఒక్క టీచర్ చేసిన తప్పుకు అందరినీ అనకండి. నేను ఆదివారాలు కూడా తండాలో ఇల్లిల్లూ తిరుగుతాను. మీరు ఆ ఐదేళ్లలో బడికి ఎన్నిసార్లు వెళ్లారు? పిల్లాడి పక్కన కూర్చుని ఒక్క పేజీ చదివించి ఉంటే మీకే తెలిసేది కదా.

వరంగల్ నాన్న:
ఎనుమాముల మార్కెట్‌లో హమాలీని నేను. మిర్చి సీజన్‌లో తెల్లవారకముందే బస్తా భుజానికెత్తుతా. బడికి పోతే ఆ రోజు కూలి పోయినట్టే. అయినా ఏడాదికి రెండుసార్లు పోయినా. పోయిన ప్రతిసారీ "బాగున్నాడు" అన్నారు. నాకు చదువు రాదు మేడం. ఇది కూడా నేను చెప్తుంటే మా బిడ్డ టైప్ చేస్తోంది. వాడి పక్కన కూర్చుని నేనేం చదివించాలి? నాకు రాదనే కదా మిమ్మల్ని నమ్మింది?

మోడరేటర్:
ఇద్దరూ కొంచెం ఆగండి. వ్యక్తిగతంగా వెళ్లొద్దు.

తండా బడి టీచర్:
తప్పుగా అన్నాను అన్నా. క్షమించండి. ఆ మాట అనకూడదు.

వరంగల్ నాన్న:
సరే. మిగతాది కూడా వినండి. ఆరో తరగతి సారే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలను చూసే భవిత కేంద్రానికి పంపించాడు. వాడికి అక్షరాలు పోల్చుకోవడంలో ఇబ్బంది ఉందట, తెలివికి ఏం కొదవ లేదట. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో దాన్ని కూడా చేర్చారని, పరీక్షల్లో సహాయం అడగొచ్చని అక్కడి మేడం చెప్పింది. రెండో తరగతిలోనే తెలిసుంటే? వాడు ఇన్నేళ్లూ రాత్రి పుస్తకం పట్టుకుని నాకు కథ చదివినట్టు నటించాడు. బొమ్మలు చూసి చెప్పేవాడు. నేను చదువుతున్నాడనుకుని సంతోషపడ్డా.

హన్మకొండ పెద్దసారు:
ఇదే నేను చెప్పేది. కొలిచి చూడకపోతే ఇట్లాగే జరుగుతుంది.

తండా బడి టీచర్:
కొలవడం లేదని ఎవరన్నారు సార్? నా బీరువాలో ప్రతి పిల్లకూ ఒక కాగితం ఉంది, ఎవరికి ఏ ఒత్తు రాదో అందులో ఉంటుంది. ఇంట్లో వాళ్లకు మాత్రం చెప్పను. నాలుగేళ్ల కింద ఒకసారి చెప్పాను కాబట్టి చెప్పను.

మూడో తరగతి పాప. వాళ్ల నాయన వస్తే నిజాయితీగా చెప్పాను, "కొంచెం వెనకబడింది, ఇంటి దగ్గర చూసుకోండి" అని. అది అక్టోబర్, పత్తి పగిలే కాలం. సోమవారం నుంచి పాప రాలేదు. చేనుకు వెళ్తే నడుముకు సంచి కట్టుకుని పత్తి ఏరుతోంది. "రాని చదువుకు ఎందుకు టీచరమ్మా, మీరే అన్నరు కదా" అన్నాడు వాళ్ల నాయన. పత్తి అయిపోయాక మిర్చి ఏరడానికి తీసుకుపోయారు. మళ్లీ ఆ పాప పేరు నా హాజరు పట్టీలో పిలవలేదు. నా నోటి మాటే ఆ పిల్లను బడి మాన్పించింది. అప్పటి నుంచి ఎవరడిగినా "నేర్చుకుంటది" అంటాను.

జగిత్యాల అక్క:
టీచరమ్మ చెప్పింది నిజం. ఆడపిల్ల అయితే ఒక్క మాట చాలు, మాన్పిస్తరు.

వరంగల్ నాన్న:
ఇప్పుడు అర్థమైంది. మీరు నమ్మేది పిల్లలను మేడం. మమ్మల్ని నమ్మరు. ఆ తండ్రి అట్ల చేసిండని నాకు కూడా దాచిపెడితే ఎట్లా? తెలిసుంటే నేను ఆరోజే మార్కెట్ మానేసి హైదరాబాద్ దాకైనా తీసుకుపోయేవాణ్ణి.

తండా బడి టీచర్:
మీరు తీసుకుపోయేవారు. ఎవరు తీసుకుపోతారో, ఎవరు చేనుకు తోలుతారో గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి నాకెట్లా తెలుస్తుంది అన్నా?

వరంగల్ నాన్న:
తెలియదు. అయినా చెప్పాలి. నా కొడుకు కాగితం మీ బీరువాలో ఉంటే నాకేం పని? చెప్పడం ఒక్కటే కాదు, "దీనికి ఈ కేంద్రానికి పోవాలి, ఈ రోజు పోవాలి" అని కూడా చెప్పండి. మా వాడిని ఆరో తరగతి సారు అట్లనే పంపిండు. "వెనకబడింది" అని ఒక్క మాట అని వదిలేస్తే చేనుకే పోతారు.

హన్మకొండ పెద్దసారు:
ఆయన మాటలో న్యాయం ఉంది. చాపల విషయంలో మాత్రం నా మాట నాదే.

వరంగల్ నాన్న:
మేడం, మీ 27 మందిలో ఇప్పుడు మీకు అట్లా అనుమానం ఉన్న పిల్లలు ఉన్నారా?

తండా బడి టీచర్:
ఇద్దరు.

వరంగల్ నాన్న:
వాళ్ల ఇంట్లో చెప్పారా?

తండా బడి టీచర్:
చెప్పనన్నాను గానీ, బాబు వాళ్ల అమ్మకు ఒక్కరికి చెప్పాను. పాప వాళ్లకు ఇంకా చెప్పలేదు. వాళ్ల చేన్లో వచ్చే వారం పత్తి మొదలవుతుంది.