రొయ్య మీద 58 శాతం: తప్పు ట్రంప్ తీరుదా, మన వ్యాపారానిదా?

పెన్నా ఒడ్డు (కోవూరు), 16 సెప్టెంబర్ 2025 (కింద ఉన్న సుంకాలు, రేట్లు, కోర్టు కేసులు అన్నీ ఆ నాటివే)

అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వేసిన సుంకాల వల్ల రాష్ట్రంలో రొయ్యల నష్టం 25,000 కోట్ల దాకా పోతుందని ముఖ్యమంత్రి కేంద్రానికి రాసిన లేఖ పేపర్లలో వచ్చింది. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు, యాడ నిలబడినా ఇదే మాట. అమెరికాలోనూ ఆ మనిషి కుర్చీకి పనికిరాడని జనం విసుక్కుంటా ఉండారు.

నా వాదన ఇది. సుంకం ఎక్కువ వేయడం ఒక విధానం. తప్పో ఒప్పో మాట్లాడుకోవచ్చు. కానీ ఇక్కడ విధానమే కనపడదు. ఏప్రిల్ 2న మన మీద 26 శాతం అన్నాడు. 9న దాన్ని 90 రోజులు ఆపి, అందరికీ 10 ఉంచాడు. జూలై 30న 25 అన్నాడు, ఆగస్టు 7 నుంచి వసూలు. ఆగస్టు 6న రష్యా చమురు కొంటున్నారని ఇంకో 25, అది 27 నుంచి అమలు. వనామీ రొయ్య పంట నాలుగు నెలలు. ఏప్రిల్ ఆఖర్లో సీడు (రొయ్య పిల్లలు) వదిలినోడికి ఆ రోజు సుంకం 10, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) నాటికి 50. దానికి పాత కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ (సర్కారు సబ్సిడీ అందిన సరుకు మీద వేసేది) 5.77, యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్మారని వేసేది) 2.49 కలిపితే 58.26. అయిదు నెలల్లో నాలుగు రేట్లు పెట్టేవాడు ఆ పదవికి తగినోడేనా? చెప్పండి.

తూకం కాటా (నెల్లూరు)

అన్నా, ట్రంప్‌ను తిట్టడం సులువు, ఖర్చు లేదు. ఏప్రిల్ 2న ప్రకటన వస్తే 3వ తేదీ నుంచే ఇక్కడ కొనేవాళ్ళు కిలో రేటులో కోత మొదలుపెట్టారు. అప్పటికి ఒక్క కంటైనర్ మీద కూడా 26 శాతం కట్టలేదు. 9న వాయిదా పడినాక కోసిన రేటు తిరిగొచ్చిందా? పైగా 100 కౌంటుకూ (కిలోకు 100 తూగే చిన్న రొయ్య) కోత పెట్టారు. అమెరికావాడు మన దగ్గర ఎక్కువగా కొనేది పెద్ద సైజులు, వొలిచిన రొయ్య. చిన్న సైజు బాగా పోయేది చైనాకి, ఇంకా అటూ ఇటూ. దానికీ ట్రంప్‌కీ ఏంది సంబంధం?

ఇంకో మాట. యాంటీ డంపింగ్ మన మీద 2005 నుంచి ఉండాది. 5.77 తేలింది 2024 అక్టోబర్లో, బైడెన్ ఉండగా. కాబట్టి 58లో 8 శాతానికి ఈయన పూచీ లేదు.

లెక్కల పుస్తకం (ఒంగోలు)

ఇద్దరూ రేటు చుట్టూ తిరుగుతున్నారు. అసలు దెబ్బ రేటులో లేదు, పక్కవాడితో తేడాలో ఉంది. ఈక్వెడార్‌కు 15 శాతం, దాని కౌంటర్‌వెయిలింగ్ 3.78, మొత్తం 18.78. వియత్నాంకు 20, ఇండోనేషియా, థాయిలాండ్‌లకు 19 (వాటి పాత డ్యూటీలు వేరే).

వొలిచి నరం తీసిన రొయ్య కిలో 8 డాలర్లు అనుకుందాం. అమెరికా కస్టమ్స్ ఓడ ఎక్కే నాటి విలువ మీదే సుంకం వేస్తుంది, సముద్రపు కిరాయి అందులో కలపదు. మనకు 8లో 58.26 శాతం అంటే 4.66 డాలర్లు. ఈక్వెడార్‌కు 1.50. తేడా 3.16. డాలరు 88 లెక్కన 278 రూపాయలు. ఇది వొలిచిన రొయ్యకు. తలతో ఉన్న కిలో రొయ్యను వొలిస్తే మిగిలేది సగానికి కాస్త పైన, 52 శాతం వేసుకోండి. అంటే గుంట గట్టు మీద కిలోకు 145 రూపాయల తేడా. ప్లాంటు లాభం, దళారి కమీషన్, రైతు మిగులు మూడూ కలిపి వదులుకున్నా ఇది పూడదు. 10 శాతం ఉన్నప్పుడు తలా కొంచెం మోశారు. 50 మోసే వ్యాపారం ఏదీ లేదు.

తూకం కాటా గారి 100 కౌంటు ప్రశ్నకు ఒక జవాబు ఉంది, ఒప్పుకోకపోయినా వినండి. పెద్ద సైజు అమ్ముడుపోదని భయం పుట్టగానే అందరూ 60వ రోజుకే పట్టేశారు. చిన్న రొయ్య ఒక్కసారి మార్కెట్లోకి వచ్చి పడింది. కోతలో కొంత అందువల్ల, కొంత అదను చూసి. ఎంతెంతో విడదీయాలంటే ప్లాంట్ల కొనుగోలు పుస్తకాలు చూడాలి, అవి ఎవరూ చూపించరు.

ఎదురుగాలి (కావలి)

ఒకవైపు మాటే వినపడతా ఉంది, రెండోది నేను చెప్తా. అమెరికా తినే రొయ్యలో 90 శాతానికి పైగా దిగుమతే. అందులో పెద్ద వాటా మనదే. లూసియానా, టెక్సాస్ తీరంలో పడవ మీద వలవేసి పట్టుకునేవాళ్ళకు డీజిల్ ఖర్చు కూడా రావడం లేదని ఇరవై ఏళ్లుగా గోల పెడతా ఉండారు. 2005 డ్యూటీ వాళ్ళు వేసిన అర్జీ మీద వచ్చిందే. ఈ సుంకాలను వాళ్ళ సంఘం బహిరంగంగా స్వాగతించింది. జువ్వలదిన్నెలో మన పడవలోళ్ళు ఇదే అడిగితే మనం న్యాయం అంటాం, వాళ్ళు అడిగితే పిచ్చి అంటామా?

మనం మాత్రం తక్కువా? ప్రపంచ వాణిజ్య సంస్థ లెక్కలో వ్యవసాయ సరుకు మీద మన సగటు సుంకం 39 శాతం. సుంకాలు వేస్తానని చెప్పే ఓట్లు అడిగాడు, గెలిచాడు. తగినోడా కాదా అనేది వాళ్ళ ఓటరు చూసుకుంటాడు. కోవూరులో కూర్చుని మనమెందుకబ్బా తేల్చడం?

పెన్నా ఒడ్డు (కోవూరు)

లూసియానావాడి బాధ నిజమే. కానీ ఆ 26 ఎట్టా వచ్చిందో చూశారా? రొయ్యను చూసి వేసింది కాదు, మన సుంకాలు చూసి వేసింది అంతకన్నా కాదు. మనతో వాళ్ళ సరుకు వ్యాపారంలో లోటు 45.7 బిలియన్ డాలర్లు. మన దగ్గర కొన్నది 87.4 బిలియన్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 52 శాతం. అందులో సగం 26. ప్రతి దేశానికీ ఇదే భాగహారం, లోటు లేకపోతే 10. సూత్రంలో రెండు గ్రీకు అక్షరాలు పెట్టారు, ఒకదాని విలువ 4, ఇంకోదాని విలువ 0.25, గుణిస్తే 1. అంటే అవి ఉన్నా లేనట్టే. మనుషులే లేని హర్డ్, మెక్‌డోనాల్డ్ దీవులు కూడా జాబితాలో ఎక్కాయి. పెంగ్విన్లు ఏం ఎగుమతి చేస్తాయి సామీ?

ఇక ఆగస్టులో వేసిన రెండో 25 శాతం. రష్యా చమురు మనకన్నా చైనా ఎక్కువ కొంటుంది. దానికి ఆ జరిమానా లేదు. బ్రెజిల్ మీద అదనంగా 40 వేశాడు, అక్కడి మాజీ అధ్యక్షుడు బోల్సొనారో మీద కేసు నడుపుతున్నారని. వాణిజ్యంలో లోటు ఉంటే ఒక కారణం, చమురు కొంటే ఇంకోటి, కోర్టు కేసుకు మరోటి. నేను పనికిరాడు అంటున్నది 79 ఏళ్ల వయసును చూసి కాదు, కాళ్ల సిరల జబ్బును చూసి కాదు. ఈ తీరును చూసి.

ఎదురుగాలి (కావలి)

బేరం ఆడేవాడు ముందు పెద్ద రేటే చెప్తాడు. బ్రిటన్, జపాన్, యూరప్ వచ్చి ఒప్పందం చేసుకున్నాయి కదా. మనం పాడి దగ్గర, పంట దగ్గర బిగుసుకున్నాం. బిగుసుకోవడం తప్పని అనను, దానికి వెల ఉంటుంది అంటున్నా. ఆ వెల రొయ్యలోడి నెత్తిన పడింది.

గుమాస్తా గది (ఒంగోలు)

తగినోడా కాదా అనే మాట అక్కడ చట్టంలో ఎక్కడ నిలబడుతుందో చెప్తాను, ఊరికే ఆశ పెట్టుకోకుండా.

అభిశంసన అయితే దిగువ సభలో మామూలు మెజారిటీ చాలు, సెనేట్‌లో మూడింట రెండొంతులు కావాలి, అంటే 100లో 67. 2019లో, 2021లో దిగువ సభ అభిశంసించింది, రెండుసార్లూ సెనేట్‌లో బయటపడ్డాడు. 25వ సవరణ నాలుగో సెక్షన్ అయితే ఉపాధ్యక్షుడూ, మంత్రివర్గంలో మెజారిటీ కలిసి ఈయన పని చేయలేడని రాసివ్వాలి. ఈయన కాదంటే 21 రోజుల్లో రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు తేల్చాలి. అది మనిషి స్పృహలో లేనప్పుడు వాడే దారి. సుంకం నచ్చలేదని పట్టే దారి కాదు.

వాళ్ళ రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్ ప్రకారం సుంకం వేసే హక్కు కాంగ్రెస్‌ది. ఈయన వాడింది 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. అందులో సుంకం అనే పదమే లేదు. ఏప్రిల్ 30న సెనేట్‌లో ఆ అత్యవసర పరిస్థితి ఎత్తేయాలని తీర్మానం పెడితే 49-49తో వీగింది. అది దాటినా ఈయన వీటో చేసేవాడు. అంటే పదవికి తగినోడు కాదని కొందరు మొత్తుకుంటున్న సభే తన చేతిలోని తాళం తాను వాడుకోలేకపోయింది.

పని చేసింది కోర్టు. వైన్ దిగుమతి చేసుకునే ఒక చిన్న వ్యాపారి, ఇంకొందరు, కొన్ని రాష్ట్రాలు వేసిన కేసులో మే 28న అంతర్జాతీయ వాణిజ్య కోర్టు, ఆగస్టు 29న 7-4తో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఈ సుంకాలు చెల్లవన్నాయి. తీర్పు అమలు అక్టోబర్ 14 దాకా ఆపారు, ఈలోగా సుప్రీంకోర్టు కేసు తీసుకుంది, వాదనలు నవంబర్ మొదట్లో. రష్యా చమురు పేరుతో వేసిన 25 శాతం ఆ కేసులో నేరుగా లేదు. కానీ వాడిన చట్టం ఒకటే.

నల్లరాయి (చీమకుర్తి)

రొయ్య ఒక్కటే కాదు. గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు చైనాకు పోతాయి కాబట్టి క్వారీకి వెంటనే తెలియలేదు. పాలిష్ చేసిన పలకలు అమెరికాకు పంపే యూనిట్లకు ఆర్డర్లు ఆగాయి. రాయి కుళ్లదు, అదొక్కటే తేడా. యార్డులో పెట్టి కూర్చుంటారు.

ఏరియేటర్ (సింగరాయకొండ)

అదే అసలు విషయం, రొయ్య ఆగదు. నవంబర్లో సుప్రీంకోర్టు కొట్టేస్తుంది, అందాకా ఆపుదాం అని కొందరు అంటున్నారు. ఆపితే ఏమవుతుందో చూడండి.

గుంటలో 25 గ్రాముల రొయ్య ఒక టన్ను ఉందనుకోండి. అది 40 కౌంటు, 40,000 రొయ్యలు. రోజుకు ఒంటి బరువులో 2.5 శాతం మేత, 25 కిలోలు, కిలో 90 వేసినా 2,250 రూపాయలు. రోజుకు 0.2 గ్రాము పెరిగితే మొత్తం పెరుగుదల 8 కిలోలు, కిలో 300 అయితే 2,400. దీనికి కరెంటు, మందులు, కాపలా కలపలేదు. టన్నుకు రెండు హెచ్‌పీ ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే మోటారు) 24 గంటలు తిరిగితే 36 యూనిట్లు. అంటే ఆపిన ప్రతి రోజూ చేతి డబ్బులే పోతాయి. ఇక మన జిల్లాల వాన అక్టోబర్ నుంచి డిసెంబర్. ఉప్పుశాతం పడిపోయి, నీళ్ళు చల్లబడితే వైట్ స్పాట్ (తెల్లమచ్చ జబ్బు) వస్తుంది. ఈహెచ్‌పీ (రొయ్యను ఎదగనివ్వని జబ్బు) ఉన్న గుంట అయితే మేత తింటుంది కానీ సైజు రాదు, ఆపి లాభమే లేదు.

వేరే దారి చైనా, యూరప్. ఈ నెలలోనే యూరప్ మన దేశంలో ఇంకో 102 యూనిట్లకు అనుమతి ఇచ్చింది. బ్రిటన్ ఒప్పందం జూలై 24న సంతకం అయింది, అమల్లోకి రావాలి. యూరప్‌కు పంపాలంటే పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్ష సర్టిఫికెట్ కావాలి. తేడా వచ్చేది మూడు చోట్ల. ఒకటి, లేబుల్ లేని గట్ ప్రోబయాటిక్, గ్రోత్ ప్యాకెట్లలో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్‌లు ఉండొచ్చు, రైతుకు తెలియకుండానే దొరికిపోతాడు. రెండు, రిజిస్ట్రేషన్ గుంట యజమాని పేర, సాగు లీజుదారుడిది, కాగితాలు కలవవు. మూడు, శాంపిల్ తీసిన గుంట ఒకటి, ట్రేలు నింపింది పక్క గుంట నుంచి.

చైనాకు తలతో పోయే రొయ్య అయితే అమావాస్య, పున్నమి దగ్గర పట్టవద్దు, అప్పుడే పెంకు వదిలిన మెత్త రొయ్య ఎక్కువ వస్తుంది. చెక్ ట్రేలో (మేత తిన్నదీ లేనిదీ చూసే తట్టలో) డొల్లలు, అంటే వదిలిన పెంకులు కనిపిస్తే రెండు మూడు రోజులు ఆగండి. పట్టిన వెంటనే ఐసు నీళ్ళలో ముంచి చంపాలి, కిలోకు కిలో ఐసు. ఆలస్యమైతే తలలోని లివర్ పగిలి నల్లబడుతుంది, ప్లాంటువాడు దాన్ని తల తీసిన సరుకు కింద కడతాడు.

తూకం కాటా (నెల్లూరు)

గుమాస్తా గారికి ఒక ప్రశ్న. రేపు సుంకాలు చెల్లవని సుప్రీంకోర్టు అంటే, కట్టిన డబ్బు ఎవరికి వెనక్కొస్తుంది?

గుమాస్తా గది (ఒంగోలు)

కస్టమ్స్ కాగితంలో దిగుమతిదారుగా ఎవరి పేరుంటే వాళ్ళకు. మన ఎగుమతిదారులు చాలామంది సుంకం తామే కట్టి గోడౌన్‌కు చేర్చే షరతు మీద అమ్ముతారు, అప్పుడు ఆ పేరు వాళ్ళదో వాళ్ళ అమెరికా కంపెనీదో అవుతుంది. సరుకు లెక్క మామూలుగా 314 రోజులకు మూస్తారు, ఆ తర్వాత 180 రోజుల్లో అభ్యంతరం వేయాలి. రొయ్యకు యాంటీ డంపింగ్ సమీక్ష ఉంది కాబట్టి లెక్క ఇంకా ఎక్కువ కాలం తెరిచే ఉంటుంది. ఆగస్టు 27కు ముందు ఓడ ఎక్కి సెప్టెంబర్ 17కు ముందు క్లియర్ అయిన సరుకుకు రెండో 25 పడదు. అలాంటి సరుకుకూ 50 పేరు చెప్పి ఇక్కడ కోత పెట్టి ఉంటే అది ట్రంప్ ఖాతాలో రాయడానికి వీల్లేదు.

రైతు చేతిలో ఏ కాగితమూ లేదు కాబట్టి రైతుకు ఏమీ రాదు. చట్టం దృష్టిలో మీరు తక్కువ రేటుకు ఇష్టపడి అమ్మారు, అంతే.

పెన్నా ఒడ్డు (కోవూరు)

అయితే పట్టుబడి చీటీలో మామూలు రేటు ఇంత, సుంకం కోత కిలోకు ఇంత, వాపసు వస్తే రైతుకు ఇంత అని మూడు ముక్కలు రాయించుకోవాలి. రైతు సంఘాలు రేటు పెంచమని అడిగే బదులు ముందు ఇది అడగాలి.

తూకం కాటా (నెల్లూరు)

రాస్తాడా అన్నా? ట్రేలు గట్టు మీద, లారీ స్టార్ట్ చేసి ఉంటుంది, ఎండ ఎక్కతా ఉంటుంది. రాయకపోతే పట్టుబడి ఆపుతామా?

ఏరియేటర్ (సింగరాయకొండ)

ఒక్క గుంటోడు ఆపలేడు. ముందురోజు రేటు మాట్లాడేటప్పుడే అడగాలి, వల వేశాక కాదు. అదీ ఒక కాలవ కింద గుంటలోళ్ళందరూ ఒకే దళారితో ఒకే చీటీ మీద మాట్లాడుకుంటేనే.

ఎదురుగాలి (కావలి)

అది జరగాలంటే పక్క గుంటోడు రాత్రికి రాత్రి రెండు రూపాయలు తగ్గించి ఇవ్వకుండా ఉండాల. ముందు దానికేందో చెప్పండి.