పట్టుచీర మీదకి ఏ హ్యాండ్‌బ్యాగ్?

బొబ్బిలి అమ్మాయి: మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళి, కనకాంబరం రంగు పట్టుచీర తీసుకున్నాను, దాని మీదకి ఏ బ్యాగ్ బాగుంటుందో తెలీట్లేదు. ఇప్పుడంతా చంకలో ఇమిడే చిన్న బ్యాగులే కదా. ఆన్‌లైన్‌లో షనెల్ అనే ఖరీదైన ఫ్రెంచ్ బ్రాండ్ బ్యాగ్‌కి ఫస్ట్ కాపీ అని ఒకటి చూశాను, కొనేయనా?

రాజాం అక్క: వద్దమ్మా, ఫస్ట్ కాపీ అన్నా నకిలీ నకిలీయే, కొన్నాళ్ళకి రెక్సిన్ పెచ్చులూడిపోతాది. షనెల్ 2.55 అంటే 1955 ఫిబ్రవరిలో వచ్చిన బ్యాగ్, ఆడవాళ్ళకి చేతులు ఖాళీగా ఉండాలనే ఆ బ్రాండ్ పెట్టిన కోకో షనెల్ భుజానికి గొలుసు పెట్టింది. ఆ గొలుసు మాత్రం చూసుకుని ఏదైనా కొనుక్కో. అక్షింతలు వెయ్యాలి, చంటిపిల్లల్ని ఎత్తుకోవాలి, చేత్తో పట్టుకునే క్లచ్ అయితే ఎక్కడో పెట్టి మర్చిపోతావు.

సిక్కోలు కుట్టుమిషన్: చంక బ్యాగంటే ఫెండి అనే ఇటలీ బ్రాండ్ వాళ్ళ బాగెట్, 1997 నాటిది, మళ్ళీ తిరిగొచ్చింది. కానీ పట్టుచీరకి పొట్లీయే అందం, అదే, తాడు లాగి మూతి బిగించే గుడ్డ సంచి. జాకెట్టు గుడ్డ మిగిలితే దర్జీకిచ్చి కుట్టించు, తాడు పొడుగ్గా పెట్టమను. రోజూ వాడకానికైతే పొందూరు ఖద్దరుతో కుట్టించుకో, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి తీసే నూలు అది, అంత పనితనం ఉన్న గుడ్డ మన పక్కనే ఉంది.

బొబ్బిలి అమ్మాయి: పొట్లీలో ఫోన్ పడుతుందా అక్కా?

సిక్కోలు కుట్టుమిషన్: పడతాది. కొలతకి ఫోన్ పట్టుకెళ్ళు, లోపల గట్టి అస్తరు వేయించు.