అంగోరా పిల్లి: ఊరి పేరా, బొచ్చు పేరా?

ప్రశ్న: పిల్లల విజ్ఞాన పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో ‘టర్కిష్ అంగోరా’ అనే పిల్లి వచ్చింది. స్వెటర్ల మీదా అంగోరా అని ఉంటుంది కాబట్టి ఆ మాటకు మెత్తటి బొచ్చు అనే అర్థం తీసుకుని ‘పట్టుబొచ్చు పిల్లి’ అని రాద్దామనుకుంటున్నాను. గ్రూపు పెద్దలు ఏమంటారు?

జవాబు: అలా రాయకండి. అంగోరా అచ్చంగా ఊరి పేరు. టర్కీ రాజధాని అంకారాను యూరప్ వాళ్లు ఒకప్పుడు పిలిచిన పేరది. గ్రీకులకు ఆ ఊరు అంకూరా, అంటే లంగరు. సముద్రానికి అంత దూరాన లంగరేమిటంటే, మిడాస్ రాజుకు అక్కడ ఒక లంగరు దొరికిందని, దాన్ని తన కాలంలోనూ గ్రీకు దేవుడు జ్యూస్ గుడిలో చూపించేవారని 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియాస్ రాశాడు. నిజమో కథో గానీ, ఆ ఊరి పాత నాణేల మీద లంగరు బొమ్మ మాత్రం ఉంది.

మన పెద్దలకూ ఈ మాట కొత్త కాదు. ఖిలాఫత్ ఉద్యమం రోజుల్లో, ఆ ఊళ్లో ఉన్న టర్కీ నాయకుడు ముస్తఫా కెమాల్ ప్రభుత్వానికి సాయంగా దేశంలో ‘అంగోరా నిధి’ వసూలు చేశారు. ఆ ఊరు 1923లో రాజధాని అయింది. బయటి దేశాలు కూడా ఇస్తాంబుల్, అంకారా అనే రాయాలని 1930లో టర్కీ పట్టుబట్టింది. ఊరి పేరు మారినా పిల్లి పేరు మారలేదు. మచిలీపట్నం అని ఎన్ని బోర్డులు పెట్టినా లడ్డు బందరు లడ్డే కదా!

టర్కీ వాళ్లు మాత్రం ఆ పిల్లిని ‘అంకారా కెదిసి’ అంటారు. కెది అంటే పిల్లి. అదే ఊరి పేరున్న మేకేమో ‘అంకారా కెచిసి’. తేడా ఒక్క అక్షరం, ప్రూఫులు దిద్దేవాళ్లకు పెద్ద టెన్షన్. కుందేలుకూ ఆ ఊరి పేరే. ఇక్కడే ఇంకో తిరకాసుంది: ఇప్పుడు అంగోరా ఉన్ని అంటే కుందేలుది, అంగోరా మేక బొచ్చు పేరేమో మొహైర్. పిల్లి నుంచి ఉన్ని తీయరు, పిల్లలకు ఆ మాట కూడా చెప్పండి.

మరొకరు: బొచ్చుపిల్లి అంటే పర్షియన్ పిల్లే కదండీ? రెండు పేర్లు ఎందుకు?

జవాబు: రెండూ వేరు. పర్షియన్‌ది గుండ్రటి చదును మొహం, దట్టమైన లోబొచ్చు. అంగోరా సన్నగా, నిలువు చెవులతో ఉంటుంది. లోబొచ్చు దాదాపు ఉండదు కాబట్టి వెంట్రుకలు ఒంటికి అంటుకుని జారుతున్నట్టుంటాయి. దాని పొడుగు బొచ్చు ఎవరో పనిగట్టుకుని పుట్టించింది కాదు. వెంట్రుక ఎంత పెరిగాక ఆగాలో చెప్పే జన్యువులో మార్పు దానంతటదే వచ్చింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే అది బయటపడుతుంది, అందుకే పొట్టి బొచ్చు తల్లికి పొడుగు బొచ్చు పిల్ల పుట్టగలదు.

పేర్లు కలిసిపోవడం యూరప్ వాళ్ల పని. 17వ శతాబ్దిలో పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ యాత్రికుడు పర్షియా పిల్లుల గురించి మురిసిపోతూ రాశాడు. టర్కీ పిల్లులు ఫ్రాన్స్ చేరాయి. తర్వాత రెండింటినీ కలిపేశారు. 19వ శతాబ్ది చివరికి పిల్లుల ప్రదర్శనల్లో పర్షియన్ మోజు పెరిగి, అంగోరా అనే విడి జాతి అక్కడ లేకుండా పోయింది. సొంత ఊళ్లో మాత్రం మిగిలింది. అంకారా జంతు ప్రదర్శనశాల వాళ్లు తెల్లవాటిని ఏరి పెంచారు. 1962లో అమెరికన్ కల్నల్ వాల్టర్ గ్రాంట్, ఆయన భార్య లీసా అక్కడి నుంచి ఒక జంటను తీసుకెళ్లాకే అమెరికాలో ఈ జాతి మళ్లీ నిలదొక్కుకుంది.

పుస్తకంలో బొమ్మ వేయిస్తే ఒక కన్ను నీలం, ఒక కన్ను పసుపు వేయించండి, టర్కీలో అలాంటి తెల్లపిల్లికే ముచ్చట ఎక్కువ. నీలికన్ను ఉన్న పక్క చెవి వినపడకపోవడం కద్దు.

ఇంకొకరు: అన్నా, మా తెలంగాణ దిక్కు ‘బొచ్చు’ అని పిల్లల పుస్తకంలో రాస్తే టీచర్లు నవ్వుతరు. వేరే మాట చూడండి.

జవాబు: మీ మాట నిజమే తమ్ముడూ. బొచ్చుకుక్క అని అందరం అంటాం గానీ విడిగా ఆ మాట మీ వైపు ఇబ్బందే. ‘జూలు’ పనికిరాదు, అది సింహానికీ గుర్రానికీ మెడ మీదిది. ‘రోమాలు’ అంటే డాక్టరు చీటీ చదివినట్టుంటుంది. నేనైతే ‘పొడుగు వెంట్రుకల పిల్లి’ అని ఒకసారి చెప్పేసి, ఆపైన తోక పట్టుకుంటాను. దాని తోక నిజంగానే కుచ్చులా ఉంటుంది: ‘కుచ్చుతోక అంగోరా పిల్లి’. ఊరు ఇప్పటి అంకారా అని బొమ్మ కింద ఒక్క ముక్క వేస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు: కుచ్చుతోక ఖాయం చేసేశానండీ. మేకకూ కుందేలుకూ పక్కన ఒక చిన్న పెట్టె కడుతున్నాను.