మనవరాలికి పెరట్లో బొమ్మరిల్లు: ఇప్పటి ఎత్తుకు కట్టాలా, పెరిగే ఎత్తుకు కట్టాలా?

తిరుచానూరు తాత:
అందరికీ నమస్కారం. మా ఇంటి వెనకాల 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. ఒక పక్క వేపచెట్టు, ఒక మూల బోరు. మనవరాలికి నాలుగేళ్లు, మా దగ్గరే పెరుగుతోంది. దానికంటూ ఒక చిన్న ఇల్లు కట్టివ్వాలని నాకూ మా ఆవిడకూ ఆశ. ఇంట్లోనే రెండు పక్షాలైపోయాయి. "కడితే గదిలాగా కట్టండి మామయ్యా, పెద్దయ్యాక చదువుకోడానికి పనికొస్తుంది" అంటాడు అల్లుడు. దాని కొలతకే చెక్కతో చిన్నది కట్టాలి, పనికిరాని రోజున తీసేద్దాం అంటుంది మా ఆవిడ. నాకు ఎటూ తేలడం లేదు. కట్టినవాళ్లు, కట్టించినవాళ్లు చెప్పండి.

సైట్ ఇంజినీర్, చిత్తూరు:
పెద్దాయనా, మీ అల్లుడు చెప్పిందే సరైనది. ఎనిమిది బై ఎనిమిది గది, ఇటుక గోడ, పైన స్లాబ్ వేయించండి. ఖర్చు ఒక్కసారే, తర్వాత ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు. చెక్క అంటే చెదలతో రోజూ టెన్షన్. పిల్లకు పన్నెండేళ్లు వచ్చినప్పుడు తనకంటూ ఓ గది కావాలి. అప్పుడు కట్టించే ఓపిక మీకు ఉండాలి కదా, ఆ పని ఇప్పుడే చేసేయండి.

పలమనేరు టీచరమ్మ:
అన్నా, పన్నెండేళ్లప్పటి అవసరం కోసం నాలుగేళ్ల పిల్ల ఆటను తీసేస్తారా? నేను నర్సరీ పిల్లలకు చెప్తాను. ఆటల పీరియడ్‌లో వాళ్లు ముందు దూరేది నా టేబుల్ కిందకే. చుట్టూ చున్నీ కట్టమంటారు. లోపల నాలుగు సీసా మూతలు, గుప్పెడు చింతపిక్కలు, వాటితోనే అన్నం, పప్పు, చారు అన్నీ అయిపోతాయి. నేను తల దూరిస్తే "మిస్, మీకు చోటు లేదు" అని బయటికి పంపేస్తారు. పెద్దవాళ్లు పట్టని చోటు కాబట్టే అది వాళ్ల ఇల్లు. ఎనిమిదడుగుల గదిలో అది రాదు. పైగా గదంటూ కట్టాక నెల తిరక్కుండా అందులోకి బియ్యం మూటలు, పాడైపోయిన కూలర్ చేరతాయి. నాలుగేళ్ల ఆడపిల్ల ఎత్తు సగటున మూడడుగుల నాలుగంగుళాలు. పదేళ్లకు కూడా నాలుగున్నర అడుగులే. నాలుగడుగుల కప్పు దానికి ఇప్పుడు చాలినంత ఎత్తు.

కొయ్య పని, మాధవమాల:
మాది ఏర్పేడు దగ్గర మాధవమాల, కొయ్య పనే బతుకు. తాతగారూ, గుంజలు ఎత్తుగా ఉండి లోపలి ఇల్లు చిన్నగా ఉండొచ్చు. నేనైతే ఇలా చేస్తాను.

ఆరడుగుల చదరం, నాలుగు మూలలా ఎనిమిదిన్నర అడుగుల వేప గుంజలు, పైన వాలు కప్పు. ఇవి ఎప్పటికీ మారవు. మధ్యలో నాలుగడుగుల ఎత్తున ఒక అటక. ఇప్పటికి పాప ఆ అటక కింద ఆడుకుంటుంది, అదే దానికి మిద్దె. ఏడో ఏడు వచ్చాక నిచ్చెన పెట్టి, చుట్టూ పిట్టగోడలాగా కటకటాలు బిగిస్తే పైన ఇంకో ఇల్లు వస్తుంది. పన్నెండో ఏట అటక విప్పేస్తే నిండు ఎత్తు గది. విప్పిన చెక్కలతోనే రాసుకునే బల్ల చేయొచ్చు. అందుకే మేకులు కొట్టనివ్వకండి, అన్నీ బోల్టులే ఉండాలి.

ఇక చెదలు. కొయ్యలో చేవ ఉన్న భాగం వేరు, అంచున తెల్లగా కనబడేది వేరు. చెదలు ముందు ఆ తెల్లదాన్ని తింటాయి. దాన్ని చెక్కేయించి చేవ మాత్రమే వాడాలి. గుంజను మట్టిలో పాతకూడదు. మన జిల్లాలో రాతికి కరువు లేదు. నేల మీదికి అడుగు ఎత్తు వచ్చేలా రాతి దిమ్మె పాతి, దాని మీద ఇనుప క్లాంపులో గుంజను నిలబెట్టాలి. దిమ్మెకూ గుంజకూ మధ్య వేలు దూరేంత సందు ఉంచితే వాన నీళ్లు నిలవవు. చెదలు పైకెక్కాలంటే ఆ దిమ్మె మీద మట్టి దారి కట్టుకోవాలి, అది కంటికి కనబడుతుంది, చీపురుతో దులిపేయొచ్చు.

టీచరమ్మగారు చెప్పినట్టు వాకిలి చిన్నదే పెట్టండి. కటకటాల సందు మూడున్నర అంగుళాల కంటే తక్కువ ఉండాలి. మూడున్నరకూ తొమ్మిదికీ మధ్య ఉంటే ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. ఆట స్థలాలకు అమెరికావాళ్లు పెట్టుకున్న లెక్క ఇది, మన పిల్లలకూ తల అంతే కదా. కటకటాలు, కింది గోడ చెక్కలు నిలువుగానే వేయండి. అడ్డంగా వేస్తే మెట్లుగా ఎక్కేస్తారు.

సైట్ ఇంజినీర్, చిత్తూరు:
ఆలోచన బాగుంది అన్నా. కానీ ఎనిమిదిన్నర అడుగుల గుంజ క్లాంపు మీద నిలబడితే గాలివానకు ఊగుతుంది. కనీసం రెండు పక్కల ఏటవాలు అడ్డకర్రలు వేయాలి. క్లాంపు కాళ్లు కాంక్రీటులో అడుగున్నర లోతుకు దిగాలి. రాతి మీద ఊరికే బోల్టు వేస్తే నిలవదు. ఏటా బోల్టులు బిగించే మనిషి ఎవరో కూడా ఇప్పుడే అనుకోండి. తాతగారికి డెబ్బై ఏళ్లు వచ్చాక అటక ఎవరు విప్పుతారు?

కొయ్య పని, మాధవమాల:
అడ్డకర్రల సంగతి నిజమే సార్, రెండు కాదు మూడు పక్కలా వేస్తాం, వాకిలి వైపు ఒక్కటే వదులుతాం. క్లాంపు విషయంలో కూడా మీ మాటే.

కొండ కింది ఇల్లు, తిరుపతి:
మేం కపిలతీర్థం వైపు ఉంటాం. ఎత్తు గురించి ఇంత మాట్లాడుకున్నారు, పాముల ఊసే రాలేదు. చెక్క నేల వేసి దాని కింద జానెడు చీకటి సందు వదిలితే ఎలుకలు చేరతాయి, వాటి వెనకే కట్లపాము వస్తుంది. నేలకు కడప బండలు పరిచి, అంచులు సిమెంటుతో మూసేయండి. చుట్టుపక్కల నేల కంటే అర అడుగైనా ఎత్తు పెట్టండి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైపోయాయి, మరిచిపోకూడదు. తాటాకు, బోద కప్పు చూడ్డానికి బాగుంటుంది, కానీ తేళ్లకు కాపురం. ఉత్త రేకు వేస్తే మే నెలలో లోపల పిల్ల ఉండలేదు. మంగళూరు పెంకులు వేసి కింద వెదురు తడిక కట్టించండి. తక్కువలో వస్తుందని సిమెంటు రేకు మాత్రం వద్దు, అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసేటప్పుడు, పగిలినప్పుడు ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెస్తుంది. మిగిలిన ఇటుకలు, కట్టెలు పక్కనే కుప్ప పోయకండి.

తిరుచానూరు తాత:
అందరికీ నమస్కారాలు. ఇంటి ప్లాన్ తీసి చూశాను. వెనక జాగా సెట్‌బ్యాక్ కింద, అంటే ఏమీ కట్టకుండా ఖాళీగా వదలాల్సిన స్థలంగా, చూపించిందే. అక్కడ స్లాబ్ గది కడితే నిబంధన తప్పినట్టే. అల్లుడికి చూపిస్తే సరేనన్నాడు. మాధవమాల తమ్ముడు చెప్పిన పద్ధతే ఖాయం చేసుకున్నాం. వేప వేళ్లు తెగకుండా చెట్టుకు తూర్పుగా జరిపి కడతాం, పడమటి ఎండ చెట్టు మీదే పడుతుంది. బోరు గుంత మీద ముందు మూత వేయిస్తాను. ఒక్క సందేహం. రంగు వేయమంటుంది మనవరాలు, గులాబి రంగే కావాలట. చెక్కకు రంగు వేయొచ్చా?

కొయ్య పని, మాధవమాల:
వేయొచ్చు తాతగారూ. చెక్క బాగా ఆరాకనే వేయండి, పచ్చిమీద వేస్తే పెచ్చులూడుతుంది. సీసం కలవని రంగు అని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి, పిల్లలు గోళ్లతో గీకి నోట్లో పెట్టుకుంటారు. గుంజల అడుగుకు మాత్రం రంగు కాదు, రెండు మూడు పూతలు నూనె పట్టించాలి. వచ్చే ముందు ఫోన్ చేయండి, కొయ్య నేనే ఏరి పెడతాను.

సైట్ ఇంజినీర్, చిత్తూరు:
సెట్‌బ్యాక్ అయితే నేను చెప్పిన గది అక్కడ కుదరదు, ఒప్పుకుంటాను. అయినా పిల్లకు చదువుకునే గది కావాల్సి వస్తే పర్మిషన్ తీసుకుని మిద్దె మీద కట్టించండి, ఆరడుగుల చెక్క ఇంట్లో పదో తరగతి చదువు సాగదు. అడ్డకర్రలు బిగించాక ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.