అమ్మకి నెలనెలా కోతలు లేని బ్యాంకు ఖాతా ఎక్కడ తెరిస్తే మంచిదండీ?

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. అమ్మ ఇదివరకు భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో పనిచేసేది. అప్పుడు కంపెనీ వాళ్లు జీతం కోసం ఒక బ్యాంకులో ఖాతా తెరిపించారు. పని మానేశాక అది మామూలు సేవింగ్స్ ఖాతా అయిపోయిందట, ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు ఇంట్లో కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్లు కట్టి అమ్ముతోంది. కొనేవాళ్లు ఫోన్‌పేలో 60, 120 వేస్తారు. మొన్న పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే మూడు చోట్ల మినిమమ్ బ్యాలెన్స్ కోత కనిపించింది. రెండు రోజులు ఈనెలు చీరిన డబ్బది. అమ్మ ఆ గీత మీద వేలు పెట్టి "ఇదేంట్రా" అంటే నాకు నోట మాట రాలేదు.

స్టేట్ బ్యాంకు 2020లోనే సేవింగ్స్ ఖాతాలకి మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీ తీసేసింది. జన్‌ధన్ లాంటి బేసిక్ ఖాతాకి అసలు బ్యాలెన్సే ఉంచక్కర్లేదు, ఏటీఎం కార్డుకీ ఏడాది ఛార్జీ ఉండదు. కానీ అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, నెలకి నాలుగు విత్‌డ్రాలే కచ్చితంగా ఉచితం. పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు కూడా జీరో బ్యాలెన్సే, పోస్ట్‌మ్యాన్ ఇంటికే వస్తాడు.

అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు వీటిలో ఏదైనా వాడుతున్నవాళ్లు చెప్పండి. ఫోన్‌పేలో కట్టినవి కూడా ఆ నాలుగు విత్‌డ్రాల్లో లెక్కేస్తున్నారా? మెసేజీలకి, కార్డుకి వేరే కోతలేమైనా పడ్డాయా? బేసిక్ ఖాతా అడిగితే బ్రాంచిలో వెంటనే ఇచ్చారా, తిప్పారా? పాత ఖాతా మూసేలోపు గ్యాస్ సబ్సిడీ ఆగకుండా ఆధార్ లింకు ముందే మార్చాలా?